‘వయసు కదా అండీ’ అని నాన్నను ఇంటికి పంపేశారు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

గడియారాలాయన కూతురు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మా నాన్నకు 81. నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేశారు. మొన్నమొన్నటి వరకు కంటికి భూతద్దం తగిలించుకుని, అగ్గిపుల్లంత స్క్రూడ్రైవరుతో చేతిగడియారం విప్పి మళ్ళీ బిగించేవారు. ఒక రాత్రి రెండింటికి బాత్రూమ్‌కని లేచి, మంచం దిగి నాలుగడుగులు వేసి పడిపోయారు. ఎముక విరగలేదు. తుంటి కమిలింది, నుదురు చిట్లింది. హాస్పిటల్లో చేర్చాం. స్కాన్‌లో ఏమీ లేదు, కొన్ని రోజులు చూద్దాం అని ఉంచుకున్నారు.

నడిచి కారెక్కిన మనిషి ఆరు రోజుల తర్వాత చక్రాల కుర్చీలో బయటికొచ్చారు. ఆ ఆరు రోజుల్లో ఏమైందో నాకిప్పటికీ అర్థం కావడం లేదు.

మొదటి రాత్రి బాగానే ఉన్నారు. రెండో రాత్రి గోడ మీద పురుగులు పాకుతున్నాయన్నారు. నన్ను అమ్మ పేరుతో పిలిచారు. అమ్మ పోయి తొమ్మిదేళ్ళు. సెలైన్ సూది పీకేసుకున్నారు. ఆ తర్వాత మూత్రానికి గొట్టం వేశారు, మళ్ళీ లేచి పడతారేమోనని రాత్రిళ్ళు చేతులు మంచానికి కట్టారు. పగలంతా మగత. మూడో రోజు డాక్టరు తెల్లకాగితం ఇచ్చి, గడియారం బొమ్మ గీసి పదకొండూ పది చూపించమన్నారు. బతుకంతా గడియారాలతో గడిపిన మనిషి అంకెలన్నీ ఒక పక్కకే కుక్కేసి, ముళ్ళు గీయకుండానే పెన్సిలు కింద పెట్టేశారు. ఆ కాగితం నా దగ్గరే ఉంది. డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, మొదలైనట్టుంది అన్నారు.

ఎందుకు పడ్డారు అంటే ‘వయసు కదా అండీ’. ఎందుకు నడవలేకపోతున్నారు అంటే మళ్ళీ అదే మాట.

ఇంకొకటుంది, రాయడానికి చెయ్యి ఆడటం లేదు. ఇంటికొచ్చాక నా హ్యాండ్‌బ్యాగ్ దులిపితే నాన్న కళ్ళజోడు, చెవి మిషన్ బయటపడ్డాయి. చేర్చిన రాత్రి ఎక్కడైనా పోతాయేమోనని తీసి నా చేతికిస్తే బ్యాగులో వేసుకున్నాను. ఆరు రోజులూ అవి అక్కడే ఉన్నాయి.

ఇంటికొచ్చి పన్నెండు రోజులైంది. గొట్టం తీసేశారు. మాట కొంత తేరుకుంది కానీ పొద్దు వాలితే మళ్ళీ తికమక. కుర్చీలోంచి లేవాలంటే ఒకరు పట్టి లేపాలి. మాత్రలు పది. మళ్ళీ పడితే లోపల ఇరుక్కుపోతారని తమ్ముడు బాత్రూమ్ తలుపు గడియ ఊడదీశాడు. ఆ రోజు నుంచి నాన్న మాతో సరిగ్గా మాట్లాడటం లేదు. చుట్టాలందరిదీ ఒకటే మాట: ఈ వయసులో ఇంకేం ఆశిస్తాం, మంచంలోనే చూసుకోండి.

ఇది నిజంగా వయసేనా? అయితే ఒప్పుకుంటాను. కాకపోతే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి, డాక్టర్ని ఏమని అడగాలి?

రాత్రి డ్యూటీ (అదే రాత్రి)

పదిహేడేళ్ళుగా పెద్దవాళ్ళ వార్డులో నర్సుని. ముందు మీ బ్యాగు సంగతి. ‘ఈయనకి కళ్ళజోడు ఉందా, చెవి మిషన్ ఉందా’ అని అడిగి రాసుకోవాల్సింది మేము. అడగకపోవడం మా తప్పు. ఆ బరువు మీరొక్కరే మోయకండి.

మీరు చెప్పిన పురుగులు, మనిషిని గుర్తుపట్టకపోవడం, రాత్రి అలజడి, పగలు మగత, వీటిని డెలీరియం అంటారు. డిమెన్షియా వేరు. డిమెన్షియా నెలలు, ఏళ్ళ మీద నెమ్మదిగా వస్తుంది. డెలీరియం గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో ఊడిపడుతుంది. పొద్దున మామూలుగా మాట్లాడి రాత్రికి వేరే మనిషి అయిపోతారు. అన్నిటికన్నా ముందు దెబ్బతినేది ధ్యాస. డిసెంబరు నుంచి వెనక్కి నెలల పేర్లు చెప్పమంటే రెండు నెలలకే దారి తప్పుతారు. ఆ స్థితిలో ఉన్న మనిషి చేత, అదీ కళ్ళజోడు లేకుండా, గడియారం గీయించి డిమెన్షియా అని తేల్చకూడదు. ఆ పరీక్ష మంచిదే, పెట్టిన సమయం తప్పు.

ఇంకో రకం కూడా ఉంది. అరవరు, పీక్కోరు. గోడవైపు తిరిగి పడుకుంటారు, పిలిస్తే కళ్ళు తెరిచి మూస్తారు. ఆ నెమ్మది డెలీరియాన్ని చాలాసార్లు ఎవరూ గుర్తించరు, ‘పాపం అలిసిపోయారు’ అనుకుంటాం. మీ నాన్నగారి పగటి మగత కూడా అలాంటిదే అయ్యుండొచ్చు.

చాలావరకు రాకుండా ఆపొచ్చు కూడా. షారన్ ఇనోయే అనే అమెరికా డాక్టరు 70 దాటిన 852 మంది రోగులతో చేసిన పరిశోధన 1999లో వచ్చింది. మామూలు వైద్యం అందినవాళ్ళలో 15 శాతం మందికి డెలీరియం వస్తే, ఆవిడ పద్ధతిలో చూసుకున్నవాళ్ళలో 9.9 శాతం మందికే వచ్చింది. ఆ పద్ధతిలో ఖరీదైన మందేమీ లేదు. కళ్ళజోడు పెట్టడం, చెవి మిషన్ పెట్టడం, రోజుకి మూడుసార్లు లేపి నడిపించడం, నీళ్ళు తాగించడం, మాత్ర లేకుండా నిద్రపట్టేలా చూడటం, ఇవాళ ఏ రోజో ఎక్కడున్నారో చెబుతూ ఉండటం.

మొదట్లో నేనూ చేతులు కట్టినదాన్నే. ఒక రాత్రి ఒకాయన నన్ను తోసేస్తూ కేకలు పెడుతుంటే సీనియర్ సిస్టర్ వచ్చి నన్ను పక్కకి జరగమంది. సొరుగులోంచి ఆయన చెవి మిషన్ తీసి, కొత్త బ్యాటరీ వేసి, చెవిలో పెట్టి, మంచం పక్కన కూర్చుని తన పేరు చెప్పింది. ఆయన ‘మీరెవరూ ఏం మాట్లాడుతున్నారో వినబడక చచ్చిపోతున్నానమ్మా’ అన్నారు. ఆ రాత్రి తర్వాత నేను ఎవరి చేతులూ కట్టలేదు. కడితే అలజడి పెరుగుతుందే గానీ తగ్గదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది: పొద్దున లేవగానే కళ్ళజోడు, చెవి మిషన్. పగలు కిటికీ తెరిచి వెలుతురులో కూర్చోబెట్టండి. ఎదురుగా పెద్ద అంకెల కాలెండరు, ఆయనకి నచ్చిన గడియారం ఒకటి పెట్టండి. సాయంత్రం చీకటి పడకముందే లైటు వేయండి. మలబద్ధకం ఉందేమో, మూత్రం పూర్తిగా వస్తోందో లేదో చూడండి. తికమకకి ఈ రెండూ పెద్ద కారణాలు. పూర్తిగా తేరుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. కొందరు మునుపటిలా కాకపోవచ్చు కూడా, ఆ మాట దాచను. కానీ పన్నెండో రోజున ఎవరూ తీర్పు చెప్పకూడదు. జ్వరం వచ్చినా, ఉన్నట్టుండి మగత పెరిగినా, మాట తడబడినా, ఎదురుచూడకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

గడియారాలాయన కూతురు

సిస్టర్ గారూ, మీ జవాబు తమ్ముడికి చదివి వినిపించాను. ఇద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. ఆ మంచం దగ్గర రాత్రిళ్ళు ఉన్నది వాడే.

ఒకరు మెసేజ్‌లో మాత్రల పేర్లు అడిగారు. అందరికీ కనబడేలా ఇక్కడే రాస్తున్నా: బీపీకి ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్. కాళ్ళ వాపుకి ఫ్రూసెమైడ్. మూత్రం ఆపుకోలేకపోతున్నారని ఆక్సీబ్యూటినిన్. నిద్రకి ఆల్ప్రజోలం. కొలెస్ట్రాల్‌కి అటోర్వాస్టాటిన్. గ్యాస్‌కి పాంటోప్రజోల్. మలబద్ధకానికి సిరప్. కాల్షియం. హాస్పిటల్లో అలజడికని మొదలుపెట్టిన క్వెటియాపిన్, చీటీలో ఇంకా ఉంది.

మందుల చీటీ (మర్నాడు)

అడిగింది నేనే. ఫార్మసిస్టుని. రెండు ప్రశ్నలు. ఏ మందు ఎప్పుడు, ఎవరు, ఎందుకు మొదలుపెట్టారో తేదీ ప్రకారం రాయగలరా? ఫ్రూసెమైడ్ ఎన్ని గంటలకి వేస్తున్నారు?

గడియారాలాయన కూతురు

పాత చీటీలన్నీ నేల మీద పరిచి రాశాను. రెండేళ్ళ కిందట ఆమ్లోడిపిన్ 5 నుంచి 10కి పెంచారు. రెండు నెలలకి పాదాలు వాచాయి. వేరే డాక్టరు ఫ్రూసెమైడ్ రాశారు. తర్వాత మూత్రం ఆగడం లేదని ఇంకొకరు ఆక్సీబ్యూటినిన్. ఆ తర్వాతే మలబద్ధకం సిరప్. రాత్రి రెండు మూడుసార్లు లేస్తున్నారని నిద్రమాత్ర.

ఫ్రూసెమైడ్ రాత్రి ఎనిమిదింటికి. మర్చిపోకుండా ఉంటుందని రాత్రి మాత్రలన్నీ ఒకే డబ్బాలో పెట్టాం.

మందుల చీటీ

మీ వరస మీరే ఒకసారి పై నుంచి కిందికి చదవండి. అందులోనే కథంతా ఉంది.

పాదాల వాపు ఆమ్లోడిపిన్ వల్ల వచ్చి ఉండటానికి చాలా అవకాశం ఉంది, ముఖ్యంగా మోతాదు పెంచాక. అది ఒంట్లో నీరు ఎక్కువై వచ్చే వాపు కాదు. సన్న రక్తనాళాల్లోంచి నీరు ఊరి పాదాల దగ్గర చేరుతుంది. అందుకే ఫ్రూసెమైడ్ దానిమీద పెద్దగా పనిచేయదు. మూత్రం మాత్రం బాగా తెప్పిస్తుంది. మూత్రం ఆగడం లేదని ఆక్సీబ్యూటినిన్ వేశారు. అది నోరు ఎండగడుతుంది, మలబద్ధకం తెస్తుంది, పెద్దవాళ్ళలో బుర్రని మసకబారుస్తుంది. రాత్రి ఎనిమిదింటికి వేసిన ఫ్రూసెమైడ్ పని ఆరు గంటల పాటు సాగుతుంది. ఎనిమిదికి ఆరు కలపండి. రాత్రి రెండు. నిద్రమాత్ర మత్తులో, రెండు బీపీ మాత్రలు, ఒక మూత్రం మాత్ర ఒంట్లో ఉండగా, 81 ఏళ్ళ మనిషి చీకట్లో గబుక్కున లేచారు.

ఒక మందు చేసిన ఇబ్బందిని కొత్త జబ్బనుకుని ఇంకో మందు రాయడం, దాని ఇబ్బందికి మరొకటి. దీన్ని ప్రిస్క్రైబింగ్ క్యాస్కేడ్ అంటారు. ఏ ఒక్క డాక్టరూ తప్పుడు మందు రాయలేదు, గమనించారా? ఎవరికి వారు తమ ముందున్న ఇబ్బందికే రాశారు. మొత్తం వరస ఒక్కసారి కూడా ఒకరి కళ్ళ ముందుకి రాలేదు. పెద్దవాళ్ళ వైద్యంలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. గుండెకొకరు, మూత్రానికొకరు, నిద్రకొకరు. ఆ మనిషి మొత్తానికి ఎవరూ లేరు.

పెద్దవాళ్ళకి వీలైనంత వరకు వాడకూడని మందుల జాబితా ఒకటుంది, బీర్స్ క్రైటీరియా అంటారు. మార్క్ బీర్స్ బృందం 1991లో మొదలుపెట్టింది, అమెరికా జీరియాట్రిక్స్ (పెద్దవాళ్ళ వైద్యం) సొసైటీ ఇప్పటికీ మారుస్తూ వస్తోంది. ఆక్సీబ్యూటినిన్, ఆల్ప్రజోలం రెండూ అందులో ఉన్నాయి. హాస్పిటల్లో రెండు రాత్రుల కోసం మొదలైన క్వెటియాపిన్ లాంటివి ఇంటికొచ్చాక నెలల తరబడి సాగిపోవడం కూడా నేను తరచూ చూసేదే. ‘ఇది ఎప్పుడు ఆపాలి’ అని ఎవరూ అడగరు.

ఇది మాత్రం జాగ్రత్తగా వినండి. ఇవాళే ఏదీ మీ అంతట మీరు ఆపేయకండి. ఆల్ప్రజోలం రోజూ వాడే మనిషికి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, వారాల మీద కొంచెం కొంచెంగా తగ్గించాలి. ఒక్క డాక్టరు దగ్గర కూర్చుని ఈ తేదీల కాగితం చూపించి, ఒక్కో మందుకీ ‘ఇది ఇప్పటికీ కావాలా’ అని అడగండి. ఫ్రూసెమైడ్ పొద్దున్నే వేయొచ్చా అని మటుకు రేపే ఫోన్ చేసి కనుక్కోండి.

ఇంట్లో బీపీ మిషన్ ఉంటే ఒక పని. ఆయన్ని ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి. లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి మళ్ళీ చూడండి. పక్కన ఒకరు పట్టుకుని ఉండాలి. పై అంకె 20 పడిపోయినా, కింది అంకె 10 పడిపోయినా ఆయన ఎందుకు పడ్డారో సగం తెలిసినట్టే.

మధ్యాహ్నం మూడు

కొంచెం వేరే మాట చెబుతాను, తప్పుగా అనుకోకండి. మా అమ్మకి 88 ఏళ్ళ వయసులో ఇలాగే అయింది. నేను ‘వయసు’ అన్న మాట ఒప్పుకోలేదు. ఏడు నెలల్లో నలుగురు స్పెషలిస్టులు, లెక్కలేనన్ని రక్తపరీక్షలు, రెండుసార్లు ఐసీయూ. చివరి వారం అమ్మ నా చెయ్యి పట్టుకుని ‘ఇక తిప్పకురా’ అంది. అప్పుడు ఆపాను. ఆ ఏడు నెలలూ ఇంట్లో ఉంచి, పక్కన కూర్చుని మాట్లాడుతూ ఉండాల్సింది. వయసు అని వదిలేయడం ఎంత తప్పో, వయసే కాదని పరుగులు పెట్టడం కూడా అంతే. మీ నాన్నగారి పరిస్థితి వేరు కావచ్చు. ఆయన్ని అడిగారా?

వార్డు రౌండు

పెద్దవాళ్ళ వైద్యం చేసే డాక్టర్ని. ‘మధ్యాహ్నం మూడు’ గారి మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మా పనిలో మొదటి ప్రశ్న అదే: ఈ మనిషికి ఏది ముఖ్యం? అది తెలియకుండా పరీక్ష రాసినా తప్పే, రాయకపోయినా తప్పే. ఆ తర్వాత చూసేవి మూడు: మందులు, మనసు, నడక. నాలుగూ కలిపి చూస్తే మీ నాన్నగారిలో సరిదిద్దగలిగినవి చాలా కనిపిస్తున్నాయి.

‘వయసు కదా’ అన్న జవాబు కొత్తది కాదు. జీరియాట్రిక్స్ అన్న మాటని 1909లో పుట్టించిన ఇగ్నాట్జ్ నాషర్ విద్యార్థిగా ఉన్నప్పుడు, ఒక పేదల ఆశ్రమంలో బాధపడుతున్న ముసలావిడ గురించి పెద్ద డాక్టర్ని అడిగితే ఆయన ‘ముసలితనం’ అన్నారట. ఏం చేయొచ్చు అంటే ‘ఏమీ లేదు’ అన్నారట. 1935లో ఇంగ్లండ్‌లో మార్జరీ వారెన్ అనే డాక్టరుకి వెస్ట్ మిడిల్‌సెక్స్ హాస్పిటల్ పక్కనున్న పాత వర్క్‌హౌస్ (దిక్కులేని పేదల్ని ఉంచే చోటు) వార్డులు అప్పగించారు. 714 మంది రోగులు, చాలామంది ఏళ్ళ తరబడి మంచం దిగనివాళ్ళు. ఆవిడ ఒక్కొక్కరినీ మొదటిసారి చూసినట్టు పరీక్ష చేసి, జబ్బేదో తేల్చి, మంచం మీద నుంచి లేపడం మొదలుపెట్టారు. తిరిగి లేవరనుకున్నవాళ్ళు చాలామంది నడిచి ఇళ్ళకి వెళ్ళారు.

మీ నాన్నగారి కాళ్ళ సంగతి ఇక్కడే ఉంది. 2007లో వచ్చిన ఒక పరిశోధనలో సగటున 67 ఏళ్ళున్న ఆరోగ్యవంతుల్ని పది రోజులు మంచంలో ఉంచారు. పది రోజులకి కాళ్ళలో దాదాపు ఒక కిలో కండ పోయింది. జబ్బేమీ లేనివాళ్ళకే అలా ఉంటే, 81 ఏళ్ళ వయసులో, సరిగ్గా తినక, చేతులు కట్టి, గొట్టంతో ఆరు రోజులు పడుకున్న మనిషి చక్రాల కుర్చీలో రావడం ఆశ్చర్యం కాదు. వయసు ఆ ఆరు రోజుల్లో పెరగలేదు కదా. మంచం చేసిన నష్టం అది. చాలావరకు తిరిగొస్తుంది.

డాక్టర్ని అడగాల్సిన మాట: ‘జీరియాట్రిక్ అసెస్‌మెంట్ పూర్తిగా చేస్తారా?’ డాక్టరు, నర్సు, ఫిజియోథెరపిస్టు కలిసి ఒంటిని, మందుల్ని, జ్ఞాపకశక్తిని, మనసుని, ఇంటిని, చూసుకునేవాళ్ళ ఓపికని ఒక్కచోట చూసి ఒకే ప్లాన్ రాస్తారు. హాస్పిటల్లో చేరిన పెద్దవాళ్ళకి ఇలా చేస్తే, కొన్ని నెలల తర్వాత ప్రాణాలతో సొంత ఇంట్లో ఉండే అవకాశం పెరుగుతుందని 29 పరిశోధనలు, 13,766 మంది వివరాలు కలిపి చూసిన 2017 నాటి కాక్రేన్ అనే సంస్థ సమీక్ష తేల్చింది. ఈ నిపుణులు అన్నిచోట్లా దొరకరు. అప్పుడు ఓపికున్న ఒక జనరల్ డాక్టర్ని పట్టుకోండి. పది నిమిషాల అపాయింట్‌మెంట్ చాలదు, ముందే చెప్పి రెండింతల సమయం అడగండి.

చుట్టాల మాట గురించి ఒక్కటి. బెకా లెవీ అనే అమెరికా పరిశోధకురాలు 2002లో ప్రచురించిన పరిశోధనలో, తమ ముసలితనం గురించి మంచిగా అనుకున్నవాళ్ళు చులకనగా అనుకున్నవాళ్ళ కన్నా సగటున ఏడున్నరేళ్ళు ఎక్కువ బతికారు. కారణం ఆ ఆలోచన ఒక్కటే అనను. కానీ ‘ఇంకేం ఆశిస్తాం’ అన్న మాట రోజూ చెవిన పడే మనిషి లేవడానికి ప్రయత్నం మానేయడం వార్డులో నా కళ్ళతో చూశాను. ఆ మాట ఆయన ముందు అననివ్వకండి.

డెబ్బై తొమ్మిది

అమ్మా, నా వయసే నా పేరుగా పెట్టుకున్నాను. ఇప్పటిదాకా ఇక్కడ అందరూ మీ నాన్న గురించి మాట్లాడారు. ఆయన స్వయంగా ఏమన్నారో ఒక్క ముక్క లేదు. గడియ ఊడదీశాక మాట్లాడటం మానేశారని రాశావు. ఆయన చెప్పింది అదే తల్లీ.

నేనూ పోయినేడాది పడ్డాను. మా అబ్బాయి నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఆయన నా మొహం చూడకుండా వాణ్ణి అడుగుతాడు, ‘ఈయనకి విరేచనం అవుతోందా?’ అని. నేను ఎదురుగానే కూర్చుని ఉన్నాను. ఆ రోజు పడినప్పటి కన్నా ఎక్కువ నొప్పి పుట్టింది. ఇంటికొచ్చాక చూస్తే నా చెప్పులు అందకుండా పైన పెట్టేశారు, ఒంటరిగా బయటికెళ్తానని. వాళ్ళకి నా మీద ఎంత ప్రేమో నాకు తెలుసు. ఆ ప్రేమతోనే నన్ను ఒక వస్తువులా భద్రంగా దాచారు.

తలుపు మూసుకుని గడియ పెట్టుకోవడం అనేది మనిషికి చివరిదాకా మిగలాల్సిన మర్యాద. లోపల గడియ పెట్టినా, అవసరమైతే బయటి నుంచి నాణెంతో తిప్పి తీయగలిగే గడియలు దొరుకుతాయి. తలుపు బయటికి తెరుచుకునేలా మార్పించండి, లోపల పడినా అడ్డం రారు. కమోడ్ పక్కన, గోడకి, బలమైన పట్టుకడ్డీలు వేయించండి. తువ్వాలు తగిలించేది కాదు, మనిషి బరువు ఆనేది. మంచం నుంచి బాత్రూమ్ దాకా నేల దగ్గర చిన్న లైట్లు. అప్పుడు మీ తమ్ముడికీ నిద్రపడుతుంది, మీ నాన్నకీ మాట వస్తుంది.

ఇక కాళ్ళు. 1990లో అమెరికాలో ఒక వృద్ధాశ్రమంలో 86 నుంచి 96 ఏళ్ళ వాళ్ళ చేత ఎనిమిది వారాలు కాళ్ళకి బరువులతో కసరత్తు చేయించారు. పదిమందితో మొదలైంది. చివరికి కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర పక్కన పెట్టేశారు. మా ఫిజియో అమ్మాయి ఇది చెబితే నేను నమ్మలేదు, కాగితం తెప్పించుకుని చదివాను. నా పని మాత్రం కుర్చీతోనే మొదలైంది. చేతులున్న గట్టి కుర్చీ గోడకి ఆనించి, ముందు చేతుల మీద బరువేసి లేవడం. మొదటిరోజు రెండుసార్లకే తొడలు వణికాయి. కూర్చునేటప్పుడు ధబ్‌న పడకుండా మూడు లెక్కపెడుతూ దిగాలి, అసలు కష్టమంతా అందులోనే ఉంది. ఇప్పుడు చేతులు గుండెకి ఆనించుకుని పదకొండుసార్లు లేస్తాను.

చెవి మిషన్ పెట్టి, ఎదురుగా కూర్చుని ఆయన్నే అడుగు: నాన్నా, మళ్ళీ ఏం చేయగలగాలని ఉంది? అని. జవాబు రావడానికి టైము పడుతుంది. మధ్యలో నువ్వు అందుకోకు.

గడియారాలాయన కూతురు (ఏడు వారాల తర్వాత)

ఆలస్యానికి క్షమించండి. అందరికీ ఒక్కచోటే రాస్తున్నాను.

బీపీ చూశాం. పడుకుంటే 138, నిలబడిన మూడో నిమిషానికి 104. ఆ అంకెలు, తేదీల కాగితం పట్టుకుని ఒక జనరల్ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ముందే ఫోన్ చేసి సమయం ఎక్కువ కావాలని చెప్పాను. ఆవిడ కాగితం రెండుసార్లు చదివారు. ఆమ్లోడిపిన్ మొదట సగానికి తగ్గించి, తర్వాత ఆపేశారు. పాదాల వాపు పది రోజుల్లో దిగింది. ఫ్రూసెమైడ్ పోయింది, ఆక్సీబ్యూటినిన్ పోయింది, దాంతో సిరప్ కూడా. క్వెటియాపిన్ రెండు వారాల్లో తగ్గించి ఆపారు. పది మాత్రలు ఐదయ్యాయి. నిద్రమాత్ర తగ్గించడం మాత్రం కష్టంగానే ఉంది. ఒక్కో మెట్టు దిగినప్పుడల్లా నాలుగైదు రాత్రులు సరిగ్గా పడుకోరు. ఆయనతో పాటు మేమూ.

పెద్దాయన గారూ, మీరు చెప్పినట్టే అడిగాను. చాలాసేపు చేతులకేసి చూసుకున్నారు. నేను అందుకోలేదు. తర్వాత అన్నారు: ‘రాత్రి ఎవర్నీ లేపకుండా బాత్రూమ్‌కి వెళ్ళిరావాలి. బల్ల దగ్గర గంటసేపు కూర్చోగలగాలి.’ ఆ రెండే. వంద ఏళ్ళు బతకాలని అడగలేదు, ఏ జబ్బూ ఉండకూడదని అడగలేదు. మేము కొడుకూ కూతురూ ఇన్నాళ్ళూ పెట్టుకున్న భయాల్లో ఆ రెండూ లేనే లేవు.

ఫిజియోథెరపిస్టు వారానికి రెండుసార్లు వస్తున్నారు. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవడం ఒక పరీక్ష. 12 సెకన్లు దాటితే పడే ప్రమాదం ఉన్నట్టట. మొదటిసారి 47 పట్టింది. ఆ అమ్మాయి ఫోన్లో టైము చూస్తుంటే నాన్న ఆపి, తన సొరుగులోంచి పాత స్టాప్‌వాచ్ తీయించి, కీ ఇచ్చి చేతికిచ్చారు. నిన్న 21.

మూడు గారూ, మీ పోస్టు నేను చాలాసార్లు చదువుకున్నాను. జ్ఞాపకశక్తికి మళ్ళీ స్కాన్ తీయిద్దామని తమ్ముడన్నాడు. నాన్ననే అడిగాం. ఇప్పుడొద్దు, ఆరు నెలల తర్వాత చూద్దాం అన్నారు. అలాగే అన్నాం. పేర్లు అప్పుడప్పుడు అందడం లేదు, అది నిజం. హాస్పిటల్ రోజులు ఆయనకి గుర్తులేవు. చేతులు కట్టడం మాత్రం గుర్తుంది.

సిస్టర్ గారూ, డాక్టరమ్మ పోయిన వారం మళ్ళీ కాగితం ఇచ్చి పదకొండూ పది గీయమన్నారు. కళ్ళజోడు సర్దుకుని, ముందు మధ్యలో చుక్క పెట్టి, పన్నెండు, ఆరు, మూడు, తొమ్మిది వేసుకుని, తర్వాత మిగతా అంకెలు నింపారు. చిన్న ముల్లుని సరిగ్గా పదకొండు మీద కాకుండా పన్నెండు వైపు కొంచెం జరిపి గీశారు. నేను కంగారుపడ్డాను. నాన్న నావైపు తిరిగి, ‘పది నిమిషాలైంది కదమ్మా, గంటల ముల్లు కూడా కదులుతుంది’ అన్నారు.

కొత్త గడియ బిగించాం, నాణెంతో తెరిచేదే. తమ్ముడి జేబులో ఎప్పుడూ ఒక నాణెం ఉంటోంది. ఇప్పటిదాకా వాడాల్సి రాలేదు.

ఒక్క సందేహం మిగిలింది, మందుల చీటీ గారూ. నిద్రమాత్ర ఇప్పుడు పావు వంతుకి వచ్చింది. ఈ చివరి పావు ఆపేటప్పుడు రోజు విడిచి రోజు వేయొచ్చా, లేక రోజూ ఇంకా చిన్న ముక్క చేయాలా? మంగళవారం డాక్టరమ్మని అడుగుతాం. ఈలోపు ఏ ప్రశ్నలు రాసుకెళ్ళాలో చెప్పండి.